బల్ల లేని స్నూకర్

స్నూకర్ ఆడాలంటే పన్నెండడుగుల బల్ల కావాలి, గంటకింత అని అద్దె కట్టాలి. మా ముఠాకు ఆ ఖర్చు లేదు. రాత్రి భోజనాలయ్యాక ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఓ చిక్కుప్రశ్న పడేస్తారు, మిగతావాళ్లకు నిద్ర పట్టదు. మాలో క్యూ సరిగ్గా పట్టుకోవడం కూడా రానివాళ్లే ఎక్కువ. అయినా ఈ ఆటలో సగం లెక్కే కాబట్టి మాకూ చోటుంది.

లెక్క తెలియనివారికి నాలుగు ముక్కలు. ఎర్ర బంతులు 15, ఒక్కోటి 1 పాయింటు. ఎరుపు పడ్డాక ఒక రంగు బంతి వేయాలి: పసుపు 2, ఆకుపచ్చ 3, గోధుమ 4, నీలం 5, గులాబీ 6, నలుపు 7. పడిన రంగు బంతిని తీసి మళ్లీ బల్ల మీద పెడతారు, ఎరుపును పెట్టరు. ఎరుపులన్నీ అయిపోయాక ఆరు రంగుల్నీ ఇదే వరుసలో వేయాలి, వాటికి 27. ప్రతి ఎరుపు వెనకా నలుపు పడితే 120, ఈ 27తో 147. టీవీలో స్నూకర్ చూసేవాళ్లందరికీ ఈ అంకె నోటికొచ్చు.

మరి 147 దాటొచ్చా? ప్రత్యర్థి ఫౌల్ చేసి, ఏ ఎరుపూ మనకు సూటిగా అందకుండా తెల్ల బంతిని వదిలాడనుకోండి, ఫ్రీ బాల్ వస్తుంది. ఒక రంగు బంతిని ఎరుపుగా లెక్క పెట్టుకోవచ్చు, అంటే పదహారో ఎరుపు దొరికినట్టే. దాని వెనక నలుపు వేస్తే 155. ఇదంతా కాగితం మీది సరదా అనుకోకండి. 2004లో యూకే ఛాంపియన్‌షిప్ అర్హత పోటీలో జేమీ బర్నెట్ ఫ్రీ బాల్ పుణ్యమా అని 148 కొట్టాడు.

నాకు మాత్రం కిందికి వెళ్లే ప్రశ్నలంటేనే ఇష్టం. ఒకే బ్రేక్‌లో, అంటే వంతు పోకుండా వరసగా వేస్తూ, బల్లంతా ఖాళీ చేయాలి, పాయింట్లు మాత్రం అతి తక్కువ రావాలి. ప్రతి ఎరుపుకూ పసుపును జత చేస్తే 45, చివరి 27తో 72. కుర్రాళ్లు క్షణంలో తేల్చేశారు. మాలో ఒక మాస్టారున్నారు. ఆయన పేరు కింద ‘టైపింగ్’ అని కనిపించడం, ఆగిపోవడం, మళ్లీ కనిపించడం. చివరికి ఒక్క వాక్యం వచ్చింది: “దెబ్బకు ఒకే ఎరుపు పడాలని ఎవరన్నారు?”

నిజమే, ఎవరూ అనలేదు. ఒక్క దెబ్బకు ఎన్ని ఎరుపులు పడినా అన్నీ చెల్లుతాయి. పదిహేనూ ఒకేసారి పడితే 15, పసుపుకు 2, ఆపైన 27. మొత్తం 44! బల్ల మీద ఎవరి తరమూ కాదు, సరే. కానీ నిబంధన ఒప్పుకుంటుంది, మాకు అది చాలు. చకచకా కూడేవాళ్లు ఏ గుంపులోనైనా దొరుకుతారు. ప్రశ్నలో లేని షరతును మనమే దూర్చామని కనిపెట్టే మనిషి దొరకడమే కష్టం.

మొన్నటి ప్రశ్న చూడటానికి చిన్నదే: ఆట మొదట్లో, ఎరుపులన్నీ బల్ల మీదుండగా, సరిగ్గా 8 పాయింట్ల బ్రేక్ ఎన్ని రకాలుగా వస్తుంది? ఎరుపు-నలుపు ఒకటి. ఎరుపు-గులాబీ-ఎరుపు ఇంకొకటి. ఎరుపు-పసుపు-ఎరుపు-గోధుమ, దాన్నే తిరగేస్తే మరొకటి. రెండుసార్లూ ఆకుపచ్చ వేస్తే ఇంకోటి. మూడు ఎరుపుల మధ్య పసుపు, ఆకుపచ్చ అటూ ఇటూ మార్చి పెడితే మరో రెండు. మొత్తం ఏడు. ఈసారి మాస్టారి వాత తగలకుండా ‘దెబ్బకు ఒకటే ఎరుపు’ అని ప్రశ్నలోనే రాసిపెట్టాం. ఆయన ఊరుకుంటారా? ఆ షరతు తీసేస్తే ఎన్నో చెప్పండర్రా అని అడిగారు. ఎనిమిది ఎరుపులు ఒక్క దెబ్బకే వేసేయొచ్చని ఎవరో అప్పుడే మొదలుపెట్టేశారు.