మన బొటనవేలు లెక్కలోకి ఎందుకు రాలేదు

పోస్టు కొంచెం పెద్దది, చివరిదాకా చదవండి. ఇందులో తప్పు మాదే.

పోయిన ఎండాకాలం కోహీర్ చుట్టుపక్కల తండాల పిల్లల్ని ఎంట్రన్స్ పరీక్షకు హైదరాబాద్ తీసుకుపోదామనుకున్నం. "వచ్చేవాళ్లు బొటనవేలు బొమ్మ ఒక్కటి పెట్టండి" అని గ్రూపులో రాసినం. వందల మెసేజీలు వచ్చినయి. చేత్తో లెక్కపెట్టలేక చాట్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి పైథాన్‌లో చిన్న ప్రోగ్రాం రాసినం. 18 మంది అని చెప్పింది. రెండు తుఫాన్ బండ్లు మాట్లాడినం.

తెల్లారి ఐదింటికి చూస్తే 29 మంది నిలబడ్డరు. "మా పేర్లు లేవా అన్నా? నేను పెట్టిన గదా" అని ఒక చెల్లె ఫోన్ చూపించింది. నిజమే, పెట్టింది. కాకపోతే పసుపు వేలు కాదు, తన చేతి రంగు వేలు. ఇంకో బండి దొరికేసరికి ఆలస్యమైంది. ఇద్దరు పరీక్ష గేటు దాకా పోయి వెనక్కి వచ్చిన్రు.

కంటికి అది ఒక్క బొమ్మే. కంప్యూటర్‌కు రెండు కోడ్‌లు: ముందు వేలు, వెనక రంగు. ఈ 5 రంగులు 2015లో యూనికోడ్ 8.0తో వచ్చినయి. మా ప్రోగ్రాం మెసేజ్ అచ్చం పసుపు వేలేనా అని మాత్రమే చూసింది. రంగున్న వేళ్లన్నీ పక్కకు పోయినయి.

సరే, ఎమోజీ ఏది వచ్చినా పట్టుకోమని మార్చినం. ఈసారి ఉత్త ఫోన్ నంబర్ రాసినోళ్లు కూడా లెక్కలోకి వచ్చిన్రు! యూనికోడ్ పట్టికలో 0 నుంచి 9 దాకా అంకెలకు కూడా ఎమోజీ అనే గుర్తు ఉంది. డబ్బాలో అంకె ఉండే బొమ్మ ఆ అంకెతోనే మొదలవుతుంది మరి.

అమ్మ, నాన్న, పాప ఉన్న కుటుంబం బొమ్మలో 5 కోడ్‌లు: ముగ్గురు మనుషులు, మధ్యలో కనపడని రెండు అతుకులు. కనపడనివన్నీ తీసేద్దామంటే మన తెలుగు దెబ్బతింటది. 'విజయ్‌కుమార్'లో 'య్' పక్కన అట్లాంటిదే ఒకటి ఉంటది, అది అతకనియ్యదు. దాన్ని తీసేస్తే 'విజయ్కుమార్' అయి, 'క' పోయి 'య' కింద వత్తుగా కూర్చుంటది.

2018 ఫిబ్రవరి గుర్తుందా? 'జ్ఞా' అనే మన అక్షరం వస్తే ఐఫోన్లలో యాప్‌లు మూతపడ్డయి. అదీ ఇట్లాంటి వరుసే: జ, పొల్లు, ఞ, కనపడని కోడ్ ఒకటి, దీర్ఘం. అదే నెలలో ఐఓఎస్ 11.2.6తో సరిచేసిన్రు. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు.

మరి సరైన దారి ఏంది? ఒప్పుకున్న ఎమోజీ వరుసల జాబితాను యూనికోడ్ వాళ్లే ఇస్తరు. అందులో పొడుగు వరుసలను ముందు వెతకాలి, చిన్నవి తర్వాత. కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా జాబితా మార్చాలి. లేకపోతే తమ్ముని కొత్త ఫోన్‌లోని బొమ్మ మన పాత జాబితాలో ఉండదు.

ప్రోగ్రాం రాసే మన పిల్లలకు ఇంకో మాట. పట్టుకున్నవాటితో పాటు పట్టుకోలేనివి కూడా విడిగా చూపించమనండి. ఆ రోజు మేం ఆ పని చేసి ఉంటే 11 మెసేజీలు ముందు రాత్రే కండ్లకు కనపడేవి.

ఈసారి బొమ్మ వద్దు. పేరు, తండా రాయండి. నంబర్ గ్రూపులో పెట్టకుండా మాకు విడిగా పంపండి. లెక్క ఇద్దరం కూర్చుని చాట్‌తో సరిచూస్తం. ఆ ఇద్దరూ మళ్లీ చదువుతున్నరు. వాళ్ల పేర్లు ముందే రాసుకున్నం.