మాటకు వెల

కూరగాయల బండి దగ్గర అయిదు రూపాయల కోసం పది నిమిషాలు బేరమాడగల పెద్దమనిషి, తన పనికి తానే ధర చెప్పవలసి వచ్చేసరికి నేలచూపులు చూస్తాడు. “మీకు తోచింది ఇవ్వండి” అంటాడు. ఎదుటివారికి ఎప్పుడూ తక్కువే తోస్తుంది. అందులో వారి తప్పేమీ లేదు. మనకు తోచనిది వారికెలా తోస్తుంది?

ఒకరి దగ్గర నెలజీతానికి కుదరకుండా, ఒప్పుకున్న పనికి మాత్రం డబ్బు పుచ్చుకునేవారిని ఈ రోజుల్లో ఫ్రీలాన్సర్లంటున్నారు. మాట కొత్తదే గాని మనిషి పాతవాడే. పెళ్లి చేయించే పురోహితుడు, సన్నాయి ఊదే విద్వాంసుడు, వీధి చివర కుట్టుమిషను పెట్టుకున్న దర్జీ – అందరూ ఆ కోవలోని వారే. కొత్తగా చేరినవారు బొమ్మలు వేసేవారు, లెక్కలు చూసిపెట్టేవారు, అనువాదాలు చేసేవారు. వీరిలో అనువాదకుల సంగతి నాకు కొంచెం తెలుసు. మా కాలేజీలో తెలుగు చదువుకుని వెళ్లిన పిల్లల్లో కొందరు ఆ పనిలో ఉన్నారు. అప్పుడప్పుడు సందేహం తీర్చుకోవటానికి మా ఇంటికి వస్తారు. ఆ సందేహం మాటకు అర్థం దగ్గర మొదలై మాటకు వెల దగ్గర తేలుతుంది.

ఆమధ్య ఒక అమ్మాయి వచ్చింది. తరగతిలో మొదటి వరుసలో కూర్చున్న పిల్ల. “మాటకు రూపాయి అడుగుదామనుకుని ఎనభై పైసలకు ఒప్పుకున్నాను మాస్టారూ. ధర తగ్గిస్తే పని ఎక్కువ వస్తుంది కదా!” అంది.

“పని వస్తుందమ్మా. దాంతోపాటు రోజుకు ఇంకో నాలుగు గంటలు కూడా వస్తాయా?” అన్నాను.

కాగితం తీసి లెక్క వేశాం. శ్రద్ధగా చేస్తే రోజుకు ఆమె చేయగలిగేది 2,000 మాటలు. మాటకు రూపాయి చొప్పున 2,000 రూపాయలు. ఎనభై పైసల చొప్పున అదే డబ్బు రావాలంటే 2,500 మాటలు చేయాలి. ధర తగ్గింది 20 శాతం, చాకిరీ పెరిగింది 25 శాతం! పైగా చవకకు వచ్చిన బేరం అంతకన్న చవక కనిపించగానే మరో గుమ్మం ఎక్కుతుంది. పనిని చూసి వచ్చినవాడు నిలుస్తాడు. ధరను చూసి వచ్చినవాడు ధర వెంటే పోతాడు.

రెండో భ్రమ, చేతికి వచ్చిందంతా జీతమేననుకోవటం. ఉద్యోగికి ఆదివారం జీతముంది, జ్వరం వచ్చిన రోజుకీ సెలవు కింద జీతముంది. ప్రావిడెంటు ఫండు ఉన్నచోట యజమాని కూడా తన వంతు వేస్తాడు. ఫ్రీలాన్సరుకు ఇవేవీ లేవు. కంప్యూటరు తనదే, కరెంటు తనదే, నడుంనొప్పీ తనదే. పని వెతుక్కునే రోజులకు, ఉత్తరాలకు జవాబు రాసే గంటలకు, “ఇంకొక్కసారి చూసిపెట్టండి” అన్నప్పటి శ్రమకు పైసా రాదు.

అందుకని లెక్క వెనకనుంచి వేసుకోవాలి. ఖర్చులు, పన్ను, వైద్యం, ముసలితనానికి దాచుకునేది – అన్నీ కలిపి ఏడాదికి 4,80,000 రూపాయలు కావాలనుకుందాం. పండుగలు, జబ్బులు, ఖాళీ రోజులు పోగా నిజంగా పని సాగేవి 200 రోజులనుకుందాం. రోజుకు 2,400 రావాలి. 2,000 మాటలకు పంచితే మాటకు రూపాయి ఇరవై పైసలు. ఆ అమ్మాయి ఒప్పుకున్నది ఎనభై పైసలు. అంటే ప్రతి మాటకూ నలభై పైసలు తానే ఎదురిస్తున్నదన్నమాట!

“అంత అడిగితే ఇస్తారా మాస్టారూ? తెలుగు వచ్చినవాళ్లందరూ చేసే పనే కదా?” అంది. ఇది మూడో భ్రమ, అన్నిటికన్న పెద్దది.

హైదరాబాదు మందుల పరిశ్రమకు పేరుబడ్డ ఊరు. కొత్త మందును మనుషుల మీద పరీక్షించేముందు, వారికి అర్థమయ్యే భాషలో సంగతంతా వివరించి సమ్మతి తీసుకోవాలని 2019 నాటి నియమాలు చెబుతున్నాయి. ఆ కాగితాన్ని ఎవరో ఒకరు తెలుగు చేయాలి. చాలాచోట్ల దాన్ని మరొకరిచేత తిరిగి ఇంగ్లీషులోకి చేయించి, మూలంతో సరిచూస్తారు. “రోజుకు రెండుసార్లు రెండేసి మాత్రలు” అంటే మొత్తం నాలుగు. “రెండేసి” అన్నచోట “రెండు” అని వ్రాస్తే, పూటకు ఒకటి చొప్పున వేసుకునేవారూ ఉంటారు. వ్యాకరణంలో చిన్న ప్రత్యయమే. రోగి కడుపులో రెండు మాత్రల తేడా! ఆ తేడా పట్టగలిగినవారు తెలుగు వచ్చినవాళ్లందరూ కారు. మందులు గాని, న్యాయశాస్త్రం గాని, బ్యాంకు వ్యవహారం గాని ఒకదాన్ని పట్టుకుని అందులో నమ్మకం సంపాదించినవారికి ధర చెప్పేటప్పుడు గొంతు వణకదు.

ఇప్పుడు యంత్రాలే క్షణంలో తెలుగు చేసిపెడుతున్నాయి గదా అంటారు. నిజమే. వాటిని దిద్దమని ఇచ్చి, సగం ధర చాలంటున్నారు. ఆ తెలుగు ఒక్కోసారి కొద్దిపాటి దిద్దుళ్లతో సరిపోతుంది; ఒక్కోసారి కొత్తగా వ్రాయటం కంటే దిద్దటానికే ఎక్కువ పొద్దుపోతుంది. కనుక నాలుగు పేజీలు చూసిన తరవాత గంటల లెక్కన ధర చెప్పటం మేలు. తప్పు దొర్లితే యంత్రాన్ని పిలిచి అడగరు. సంతకం పెట్టినవారినే అడుగుతారు.

ఇక “డబ్బిచ్చారు గనుక హక్కులన్నీ వారివే” అన్న మాట. 1957 నాటి కాపీరైటు చట్టం అలా అనదు. మూల రచయిత అనుమతి వేరే ఉండాలి గాని, జీతం మీద పనిచేసే ఉద్యోగి కానప్పుడు, అనువాదం మీద మొదటి హక్కు అనువాదకుడిదే. ఆ హక్కు బదిలీ కావాలంటే కాగితం మీద సంతకం ఉండాలి. అందులో కాలపరిమితి చెప్పకపోతే అయిదేళ్లనీ, ప్రదేశం చెప్పకపోతే భారతదేశం వరకేననీ చట్టం భావిస్తుంది. “సర్వహక్కులూ శాశ్వతంగా” అని వ్రాసి ఉంటే, దానికి వేరే ధర అడగవచ్చు. అడగకుండా సంతకం పెట్టేవారే ఎక్కువ.

డబ్బు గడువు సంగతీ అంతే. అడ్వాన్సు అడగటం అమర్యాద అనుకుంటాం. ఒక్క మనిషి సాగించే పనిని కూడా సూక్ష్మ సంస్థగా ఉద్యమ్ వ్యవస్థలో రుసుము లేకుండా నమోదు చేసుకోవచ్చు. అలా చేసుకున్నవారి దగ్గర పని పుచ్చుకున్న సంస్థ, ఒప్పందంలో ఏ గడువు వ్రాసుకున్నా 45 రోజులు దాటకుండా చెల్లించాలనీ, దాటితే వడ్డీ ఇవ్వాలనీ 2006 నాటి చట్టం ఉంది. చట్టం పేరెత్తకపోయినా, “సగం ముందు, మిగతాది పని అందగానే” అని మొదటి ఉత్తరంలోనే వ్రాస్తే ఎవరూ నొచ్చుకోరు. ఆరు నెలల తరవాత బాకీ అడిగితేనే నొచ్చుకుంటారు.

ఇంత చెప్పినా మనవారికి చివరి అడ్డంకి ఒకటుంది. సరస్వతిని అమ్ముకోవచ్చునా అని. వెంటనే పోతనగారిని సాక్షి పిలుస్తారు. ఆయన భాగవతాన్ని రాజుకు అంకితమివ్వ నిరాకరించాడని చెప్పుకుంటాం. నాగలి పట్టి పొలం దున్నుకున్నాడనీ చెప్పుకుంటాం. ఈ రెండో మాట మరిచిపోతాం. పోతన అమ్మనన్నాడే గాని, చవకగా ఇస్తాననలేదు! తిరుపతి వేంకట కవులు సంస్థానాలు తిరిగి, అవధానాలు చేసి, దర్జాగా సన్మానాలందుకున్నారు. వారి కవిత్వానికి అందువల్ల మైల అంటలేదు. అమ్మకపోవటం ఒక గౌరవం, తగిన ధరకు అమ్మటం మరో గౌరవం. గొణుగుతూ తక్కువకు అమ్మటంలోనే గౌరవం లేదు.

ఆ అమ్మాయి ఈ పని మానేసి ఏదో దుకాణంలో బిల్లులు వ్రాసే ఉద్యోగానికి పోదామనుకుంటున్నానని చెప్పింది. “ఇంట్లో కూర్చుని చేసేది కూడా ఒక పనేనా?” అని ఇంట్లోవాళ్లు అంటున్నారట. నేను ఆ లెక్కల కాగితం మడిచి ఆమె చేతికిచ్చి, ముందు మీ నాన్నగారికి చూపించమన్నాను. పాత ఖాతాదారులకు ఒక నెల ముందు తెలియజేసి, కొత్తవారికి మాత్రం వెంటనే కొత్త ధర చెప్పమన్నాను. అయిదుగురిలో ఇద్దరు వెళ్లిపోయారట. మిగిలిన ముగ్గురి పని నిదానంగా, రెండోసారి చదువుకుని మరీ ఇస్తున్నదట.

ఆ రెండోసారి చదవటానికే ధర కావాలి. రేపు మనలో ఎవరో జ్వరంతో లేచి కూర్చుని, మందు పెట్టెలోని తెలుగు కాగితం విప్పి చదువుకుంటారు. అక్కడ “రెండు” అని ఉంటుందా, “రెండేసి” అని ఉంటుందా అన్నది, ఆ వ్రాసిన మనిషికి తీరిక ఉండటం మీద ఆధారపడి ఉంది.