తేదీలు చెప్పి భయపెట్టకండి

దసమంతపూర్ సంతలో ఇవాళ ఒక అక్క ఫోన్ చూపించి అడిగింది.
"తమ్ముడూ, లోకం అంతమైపోతుందంట. ఈసారి చోళ్లు జల్లొద్దా?"
వీడియోలో ఎవరో తేదీతో సహా చెప్పేస్తున్నాడు. ఆమె చంకలో విత్తనాల సంచి.

"నిక్షేపంగా జల్లక్కా" అన్నాను గానీ మనసు కలుక్కుమంది.

1844 అక్టోబర్ 22న ప్రభువు వచ్చేస్తాడని అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుడి అనుచరులు ఎదురుచూశారు. కొందరు రైతులు పంట కోయకుండా పొలంలోనే వదిలేశారు.
2011 మే 21 అని హెరాల్డ్ క్యాంపింగ్ అనే బోధకుడు రేడియోలో చాటాడు.
రెండు రోజులూ మామూలుగానే తెల్లారాయి. నమ్మినవాళ్లే నష్టపోయారు.

ఆ దినం, ఆ గడియ తండ్రికి తప్ప ఎవరికీ తెలీదని ప్రభువే చెప్పాడు, మత్తయి 24లో.
ఆ పక్క అధ్యాయంలోనే తీర్పునాడు ఏం చూస్తాడో కూడా చెప్పాడు. ఆకలిగా ఉన్నవాడికి పెట్టామా, రోగిని పలకరించామా అని.
పరీక్ష తేదీ దాచాడు, ప్రశ్నలు మాత్రం ముందే ఇచ్చేశాడు!

మరి యోనా ప్రవక్త నీనెవెకి 40 రోజుల గడువు చెప్పాడు కదా అంటారేమో. ఊరు మారింది, బతికింది.
దేవుడు హెచ్చరించేది బతికించడానికే. పేదవాళ్ల చేతులు ఆడకుండా చేసే భయం ఆయనది కాదు.

మీ సంఘాల్లో ఇలాంటి వీడియోలు తిరుగుతున్నాయా? పెద్దలు ఏం చెప్తున్నారు? కింద రాయండి.