జట్టునకొక ఋతువు

కరీంనగరునుండి జగిత్యాలకు పోవు రహదారికి చేరువగా, ఆంజనేయస్వామి వెలసిన కొండగట్టు పాదసీమలో, నాచుపల్లియొద్ద, జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయమువారు 2007లో నెలకొల్పిన ఇంజనీరింగు కళాశాల యున్నది. చైత్ర పూర్ణిమకు చిన్న జయంతియు, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతియు జరుగునపుడు కాషాయవస్త్రధారులైన దీక్షాపరులతో ఈ త్రోవలన్నియు నిండిపోవును. తక్కిన దినములలో, సాయంకాలపుటెండ కొండబండలపై చల్లబడు వేళ, ఈ ప్రాంతపు కళాశాలల మైదానములలో బంతివెంట పరువెత్తు విద్యార్థులను చూచుచు నిలుచుట నాకు మిక్కిలి ప్రియము. బలమునకు అధిదైవమైన స్వామి సన్నిధిని చేయు వ్యాయామము అర్చనయే యని నా విశ్వాసము.

సంజీవని పర్వతమును గొనిపోవుచుండగా అందలి యొక శకలము విరిగిపడి యీ కొండ యైనదని స్థలపురాణము. ఆ భారమును హనుమంతుడు తనకొరకు మోయలేదు. రణరంగమున మూర్ఛిల్లిన మరియొకని ప్రాణముకొరకు మోసెను. ఫుట్‌బాలునందలి పరమధర్మమును ఇట్టి పరార్థమే. తన పాదమున కందిన బంతిని తనయొద్దనే యుంచుకొనవలెనను మోహమును జయించి, తనకంటె మేలైన చోట నిలిచిన తోడివానికి సకాలమున నందించువాడే నిజమైన ఆటగాడు. మరమగ్గముల చప్పుడు వినుచు సిరిసిల్లలో పెరిగినవాడును, బీడీలు చుట్టు తల్లి కష్టముతో కోరుట్లలో చదివినవాడును, వరిపొలముల గట్లపై ఆడి మల్యాలనుండి వచ్చినవాడును తొలినాడు ఒకరి పేరొకరెరుగక ఒక మైదానమున నిలుతురు. కొన్ని మాసములు కలసి యాడినమీదట, వెనుదిరిగి చూడకయే ఎవడెక్కడ నుండునో ఎరుగుదురు. పడుగున పేక చేరి బట్టయైనట్లు, ఆ పదునొకండుగురును అప్పుడు జట్టగుదురు.

ఇట్లు జట్టగుటకు కాలము కావలెను, ఆటలు కావలెను. మన కళాశాలల జట్టులకు ఆట కలదు గాని ఋతువు లేదు. నా మనస్సును చిరకాలముగా బాధించుచున్న విషయ మిదియే. అంతర కళాశాల పోటీలు సాధారణముగా నాకౌటు పద్ధతిని జరుగును. 8 జట్టులు చేరినచో తొలియాటతోనే 4 జట్టులు ఇల్లు చేరును. వారములకొలది వేకువనే లేచి సాధన చేసి, సెలక్షనులలో నెగ్గి, ఒకే రంగు జెర్సీలు ధరించి, బస్సెక్కి దూరము పోయిన బిడ్డలకు 90 నిమిషములలో ఆ సంవత్సరమంతయు ముగిసిపోవును. ఓటమి నేర్పిన పాఠమును ఆచరణమున పెట్టుటకు మరుసటి ఆట యుండదు. పై తరగతివారు పరీక్షలు వ్రాసి వెడలిపోవుదురు. మరుసటి యేడు అన్నియు మరల మొదటికే వచ్చును. లీగు పద్ధతి యట్టిది కాదు. ప్రతి జట్టును తక్కిన జట్టులన్నిటితో నాడును; నేడోడినవాడు పైవారము తన తప్పు దిద్దుకొనును. కలకత్తాలో 1898లోనే ఆరంభమైన లీగు ఆ నగరమునకు ఫుట్‌బాలును నిత్యజీవితమున భాగముగా చేసినది.

దవ్వున నున్న కలకత్తా యేల, మన హైదరాబాదునకే ఒక మహోపాధ్యాయుడుండెను. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు ఉస్మానియా విశ్వవిద్యాలయ జట్టులో నాడినవాడు. పిదప బడిపంతులై, వ్యాయామవిద్య నభ్యసించి, హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకును భారత జట్టునకును శిక్షకుడయ్యెను. ఆ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా 5 పర్యాయములు రోవర్స్ కప్పు గెలుచుకొనెను. ఆయన తీర్చిదిద్దిన భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో ఆస్ట్రేలియాను 4–2తో నోడించి నాలుగవ స్థానమున నిలిచెను. 1962 జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2–1తో జయించి స్వర్ణపతకము పొందెను. అప్పటికే వ్యాధిగ్రస్తుడైన రహీం సాహెబు మరుసటి యేడే కన్నుమూసెను. ఆయన బాలురకొరకు పెట్టిన పోటీలు విశిష్టములు: ఒకదానియందు బంతిని డ్రిబ్లింగు చేయుట నిషిద్ధము, వేరొకదానియందు బలహీనమైన పాదముతోనే తన్నవలెను. పాసు నేర్పుటకు ఉపన్యాసములు చాలవనియు, ఆటలే ఎక్కువ కావలెననియు ఆ పంతులు ఎరుగును.

ఇప్పుడు మన సీమను చూడుడు. కొండగట్టు క్రింద ఇంజనీరింగు కళాశాల, పొలాసలో వ్యవసాయ కళాశాల, కోరుట్లలో పశువైద్య కళాశాల, సిరిసిల్లలో మరియొక వ్యవసాయ కళాశాల, జగిత్యాల సిరిసిల్ల పట్టణములలో డిగ్రీ కళాశాలలు. ఒక పూట ప్రయాణములో అన్నియు చుట్టి రావచ్చును. కాని యివి వేర్వేరు విశ్వవిద్యాలయముల నీడన నున్నవి. కనుక ఒక్కొక్కటి తన విశ్వవిద్యాలయపు పోటీలకు తాను పోవలసినదే గాని, పొరుగువారితో నాడుటకు ఏర్పాటైన పోటీ లేదు. యంత్రము చదువువానికి పైరు చదువువానితో మైదానమున పరిచయము కలుగక, ఇరువురును ఒకే బస్టాండులో అపరిచితులై నిలుచుచున్నారు.

ఈ 6 కళాశాలలు ఒక లీగుగా కూడినచో ప్రతి జట్టునకు 5 ఆటలు, మొత్తము 15 ఆటలు లభించును. వానలు వెనుదీసి వరికోతలు ముగిసిన పిదప ఆదివారములందు వీనిని జరుపుకొనవచ్చును. ఒక బంతి, సున్నపు గీతలు, రెండు గోలుస్తంభములు, నిష్పక్షపాతియైన రిఫరీ, ఆటను ప్రేమించు వ్యాయామోపాధ్యాయుడు ఉన్నచో చాలును. బాలికలకును ఇట్టి లీగే యుండవలెను; పొరుగున నున్న నిజామాబాదు జిల్లానుండి వెడలి భారత మహిళాజట్టున ఆడిన గుగులోతు సౌమ్యను చూచినవారెవ్వరును మన పల్లెటూళ్ళ ఆడుబిడ్డలకు ఈ ఆట తగదని యనజాలరు.

ఆట చదువునకు విఘ్నమను భయము తల్లిదండ్రులకు సహజమే. ఐనను, ఓడి మరల నిలుచుట, ఎదిరిని గౌరవించుట, చేతికందిన దానిని పరునికి పంచుట ఏ ప్రశ్నపత్రమును నేర్పజాలదు. నలుబది యేండ్ల ఉద్యోగజీవితమున అనుదినము వలయునవి అవియే. కావున ప్రధానాచార్యులారా, మీ మైదానములను పొరుగు కళాశాలలకు తెరువుడు. పురప్రముఖులారా, ఆదివారము సాయంకాలము వచ్చి గీతవెలుపల నిలిచి ఇరుజట్టులను ప్రోత్సహింపుడు. గెలిచిన జట్టు కప్పు నెత్తుకొనిపోవును. ఓడిన జట్టునకు పైయాదివారము మరియొక ఆట యుండవలెను.