పాత అయస్కాంతములును మన తీరపు టిసుకయు

కళింగపట్నమున గాని కోనాడయందు గాని సముద్రతీరమున నడచినవారు ఇసుకమీద నల్లని చాళ్లును, ఎఱ్ఱని జీరలును జూచియుందురు. నల్లనిది ఇల్మనైటు, ఎఱ్ఱనిది గార్నెటు. తూర్పు కనుమల ఱాళ్లు యుగయుగములుగా నరిగి, నాగావళీ వంశధారల వెంట దిగివచ్చి యిచ్చట జేరినవి. వీనిలో మోనజైటు అను పసుపువన్నె రేణువులును గొలదిగా గలవు. ‘రేర్ ఎర్త్’ అని యింగ్లీషువారు పిలుచు విరళ మృత్తికాలోహములు ఆ రేణువులలో నున్నవి. అందు నియోడిమియము ముఖ్యమైనది. పేరునకు విరళమే గాని భూమి పైపొరలో సీసము కంటె నియోడిమియమే హెచ్చు. ఒకచోట పోగుపడి దొరకకుండుటయు, తోడి లోహములనుండి సులభముగా విడివడకుండుటయు దాని వెలకు గారణములు.

1885లో వియన్నా నగరమున ఆవర్ వాన్ వెల్స్‌బాఖ్ అను రసాయనవేత్త దీనిని మొదట విడదీసెను. మన తాతల కాలమున పెండ్లి యూరేగింపులలో వెలిగిన పెట్రోమాక్సు దీపపు మాంటిలును ఆయన కల్పనయే. ఆ మాంటిలునకు గావలసిన థోరియము కొఱకే మోనజైటునకు మొదట గిరాకి కలిగెను. నేడు గిరాకి అయస్కాంతముల కొఱకు. 1980వ దశకపు మొదట జపానులో సగావా మసాతోయు, అమెరికాలో మఱికొందఱును వేర్వేఱుగా నియోడిమియము, ఇనుము, బోరాను కలిపి మహాబలము గల అయస్కాంతమును జేసిరి. మన వీథులలో దిరుగు విద్యుత్తు ఆటోలకును, గాలిమరలకును, సెల్‌ఫోనులకును అదియే ప్రాణము.

పనికిరాని కంప్యూటరు నొకదానిని విప్పి, హార్డుడిస్కునందలి రెండు చిన్న బిళ్లలను నేను చేత బట్టి చూచితిని. వెండివలె మెఱయుచు, ఒకదానినొకటి యంటి, యెంత లాగినను విడువవు. పాత లౌడుస్పీకరులోని నల్లని గుండ్రని అయస్కాంతము సాధారణముగా ఫెరైటు. దానిలో నీ లోహములు లేవు. ఈ చిన్న బిళ్లలోనో, నూటికి ముప్పది పాళ్లవఱకు గలవు! పాత యినుము కొను వర్తకు నడుగగా, “ఇది యినుమున కంటుకొని వదలదు బాబూ, ఇనుముతోబాటే తూచి పంపివేయుదుము” అనెను. ఇనుపకొలిమిలో బడిన నియోడిమియము చిట్టెములో గలసి మఱి దొరకదు.

దీనిని మరల రాబట్టు మార్గము లేకపోలేదు. సుమారు 310 డిగ్రీల వేడి దాటినచో ఆకర్షణశక్తి పోవును. పిమ్మట పొడిచేసి ఆమ్లమున గరగించి, ఆక్సాలికామ్లము గలిపినచో విరళ మృత్తికలు అడుగున బేరుకొనును. ఇనుము ద్రవముననే యుండును. ఆ మడ్డిని కాల్చిన ఆక్సైడును, దానినుండి విద్యుత్తుచే లోహమును లభించును. హైడ్రోజను వాయువును బట్టించి అయస్కాంతమును పొడిగా రాల్చు పద్ధతియు గలదు. ఇవి నిపుణులు చేయవలసిన పనులు; బాలురు ఇంట జేయరాదు.

ఇంత శ్రమ యేల యనిన, మోనజైటులో రేడియోధార్మిక మగు థోరియము గలదు. దానిని జాగ్రత్తగా భద్రపఱుపవలెను. మఱియు నిసుకదిబ్బలు మత్స్యకారుల గ్రామములకు ప్రాకారములు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను శ్రీకాకుళపు తీరమును మొత్తినప్పుడు, సముద్రమునకును ఇంటికిని నడుమ నేమున్నదను ప్రశ్న యెంత పెద్దదో మనకు దెలిసినది. పాత అయస్కాంతములే లోకావసరములకు జాలవు. త్రవ్వకము పూర్తిగా మానదు. అయినను తిరిగి రాబట్టిన ప్రతి తులమును తీరమునుండి త్రవ్వనక్కఱలేని దగును.

2025లో చైనా యీ లోహముల యెగుమతికి నిర్బంధములు విధించినప్పుడు అనేక దేశముల కర్మాగారములు కలవరపడెను. ఆ యేటనే మన ప్రభుత్వము ఇట్టి ఖనిజములను పాతసామానులనుండి రాబట్టుటకు 1,500 కోట్ల రూపాయల పథకమును ఆమోదించెను. విశాఖపట్టణమున సమేరియము కోబాల్టు అయస్కాంతముల కర్మాగారము 2023లో జాతి కంకిత మయ్యెను. కొలిమియు, విద్యయు సమీపముననే యున్నవి. కొఱవడినది పోగుచేయు చేతులు.

సువార్తలో ఐదు రొట్టెలతో వేలమంది తృప్తిపొందిన పిదప, ప్రభువు మిగిలిన ముక్కల నెత్తించెను. పండ్రెండు గంపలు నిండెను. సమృద్ధి గలుగజేయ శక్తుడైనవాడే శేషమును బాఱవేయనీయలేదు. కావున, సోదర విద్యార్థులారా, ఇంట బాడైన హార్డుడిస్కును చెత్తలో వేయక వేఱుగా నుంచి, విద్యుత్ పరికరముల వ్యర్థములను స్వీకరించువారికే యిండు. మన పాఠశాలలోను దానికొక పెట్టె యుండుట మేలని నా మనవి.