కొసరు పిట్ట

మావారు హైదరాబాదు ముర్గీచౌక్ నుంచి జీబ్రా ఫించ్ పిట్టల జంటను తెచ్చారు, కొసరుగా మరొకటి. బుగ్గల మీద నారింజరంగు మచ్చలుంటే మగది. మచ్చలు చూస్తే తేలిందేమిటంటే, ఇద్దరు మగాళ్ళూ, ఒక్క ఆడదీ! సీరియల్లో అయితే ఈ ముగ్గురితో ఆరునెలలు లాగించేదాన్ని.

కొబ్బరిపీచు వేసి గూడు కట్టానో లేదో, రభస మొదలైంది. పెద్దవాడు చిన్నవాణ్ణి గూటి దగ్గరికే కాదు, కొర్రల గిన్నె దగ్గరికీ రానివ్వడు. "కొత్త కదా, సర్దుకుంటాయి" అన్నాను. ఈ మాట ఎక్కడ నేర్చానో మీకు వేరే చెప్పాలా? మా చెల్లెలు పెళ్ళైన ఏడాది ఏడుస్తూ వచ్చినప్పుడూ ఇదే అన్నాను.

గూడు తీసేశాను. గిన్నెలు రెండు పెట్టాను. వాలే పుల్లలు అటూ ఇటూ మార్చాను. ఓ పొద్దున చూద్దును కదా, చిన్నవాడు పంజరం అడుగున ముడుచుకుని ఉన్నాడు. వీపున ఈకల్లేవు.

ఆ పూటే వేరే పంజరం తెప్పించాను.

"ఒంటరివాడైపోడూ?" అన్నారు మావారు.

పక్క కిటికీలోనే, కూత వినిపించే దూరంలో పెట్టాను. కొన్ని వారాలకి ఈకలొచ్చాయి. ఇప్పుడు తెల్లారగానే ముందు పాట అందుకునేది వాడే.

మొన్న చెల్లెలు వచ్చి, "రెండు పంజరాలెందుకక్కా?" అంది. చెప్పాను. కాఫీ చల్లారిపోతున్నా, కాసేపు వాడికేసే చూస్తూ కూర్చుంది.