బడలిన కాళ్ల పరుగు

బడలికకు మన యిండ్లలో నందఱియెడల నొకే మర్యాద లేదు. పొలమునుండి వచ్చిన కాపు బడలియున్నయెడల మజ్జిగ యిత్తురు. కచ్చేరినుండి వచ్చిన యుద్యోగి బడలియున్నయెడల పంకా వేసి, పిల్లలను సద్దు చేయవద్దందురు. ఇల్లాలు వంటయింటిలో బడలినయెడల నామె యుత్తమురాలని మెచ్చుకొని మఱియొక పని చెప్పుదురు. ఆ యిల్లాలే వీధిలో పరుగెత్తి బడలినయెడల, "ఈ వయస్సులో నీమెకిదేమి పోయెకాలము?" అని యాశ్చర్యపడుదురు. చెమట యొక్కటియే. గడప లోపల నది పుణ్యము, గడప వెలుపల నది తప్పు. ఈ భేదమును గూర్చి నాలుగు మాటలు వ్రాయుటకు మా యూర జరిగిన యొక చిన్న పరుగుపందెము కారణమైనది.

మాకు 52 ఏండ్లు. ఇంట కోడలును మనుమడును గలరు. మాపైన నత్తగారును గలరు. 2024 ఆగష్టు నెలాఖరున మేము హైదరాబాదులో మారథాను పరుగెత్తితిమి. హుస్సేనుసాగరు ప్రక్కనున్న నెక్లెసు రోడ్డున తెల్లవాఱక మునుపే బయలుదేఱి గచ్చిబౌలి క్రీడాప్రాంగణమునకు చేరవలెను. దూరము 42 కిలోమీటర్ల 195 మీటర్లు. ఈ వింత లెక్క 1908లో లండను నగరమున జరిగిన ఒలింపిక్కు క్రీడలనాటిది. ఆ పందెమును విండ్సరు కోటకడ మొదలుపెట్టి, క్రీడాప్రాంగణమున రాజకుటుంబము కూర్చుండు చోటి యెదుట ముగించుటచే నట్లేర్పడినది. 1921లో దానినే యంతటికిని ప్రమాణముగా స్థిరపఱచిరి.

హైదరాబాదు చదునైన యూరు గాదు. త్రోవ పొడుగునను వంతెనలెక్కుచు దిగుచు పోవలెను. చూచువారికి నెక్కుటయే కష్టమని తోచును గాని, కాళ్లను చెఱచునది దిగుటయే. దిగునపుడు తొడకండ యొకవంక సాగుచునే మఱియొకవంక దేహభారమును నిలుపవలసియుండును. అందువలన కండలోని సన్నని పోగులు చిట్లును. ఆ చిట్లిన చోట్లు వాచి బాగుపడునపుడు పుట్టు నొప్పి పరుగునాటికంటె మఱునాడును మూడవనాడును హెచ్చుగా నుండును. మేము 5 గంటల 20 నిమిషములకు గమ్యము చేరితిమి. ఇంటికి వచ్చిన తరువాత రెండు దినములు మేడమెట్లను వెనుదిరిగి దిగితిమి. మా మనుమడది యొక కొత్త యాట యనుకొని తానును మా వెంట వెనుకకు దిగెను.

ఇట్టి పరుగు తరువాత దేహములో నన్నియు నొక్కసారి కోలుకొనవు. కండలు దాచుకొను గ్లైకోజెనను నింధనము, కడుపునిండ నన్నము తిన్నచో, కొలది దినములలో మరల నిండును. ఊపిరియు త్వరలోనే కుదుటబడును. చిట్లిన పోగులు మాత్రము మెల్లగా నతుకుకొనును. అందుచే రెండు మూడు వారములవఱకు మనుష్యుడు కూర్చున్నపుడు ఆరోగ్యవంతునివలెనే యుండి, పరుగెత్తినపుడు మాత్రమే బడలినవాడగును. పరుగెత్తిన మైలు కొక దినము చొప్పున, అనగా 26 దినములు, కాళ్లకు కఠినమైన పని చెప్పరాదని పరుగరులలో నొక నానుడి గలదు. ఇది గుఱుతుంచుకొనదగిన మాటయే.

కాని యీ నానుడిని పుట్టించినవారికి వినాయకచవితి లేదు. 2024లో నా పండుగ సెప్టెంబరు 7వ తేదీన వచ్చినది, అనగా మా మారథానుకు రెండు వారములైన దినములలో. ఇల్లు కడుగుట, పత్రి యేఱుట, ఉండ్రాళ్లు, కుడుములు, పులిహోర, వచ్చిన చుట్టములు, వారి పిల్లలు. పరుగు పుస్తకములలో "విశ్రాంతి" యని యొక్క మాటలో వ్రాసి ముందుకు సాగుదురు. ఆ విశ్రాంతిని గృహిణి కెవ్వరిత్తురో యే పుస్తకములోను వ్రాయలేదు. మా యింట నెవ్వరును క్రూరులు గారు. అడిగినచో నందఱును సాయము చేయుదురు. కాని యడుగుటయు నొక పనియే గదా!

ఆ పండుగ వెళ్లిన మఱుసటి యాదివారమున రాజమహేంద్రవరమున గోదావరిగట్టుమీద అయిదు కిలోమీటర్ల పందెమొకటి యేర్పాటైనది. పుష్కరాలరేవు కడ బయలుదేఱి గట్టువెంట రెండున్నర కిలోమీటర్లు పోయి మరలి రావలెను. దీనికి మేము వచ్చెదమని జూలై నెలలోనే మాట యిచ్చియుంటిమి. మాట యిచ్చినది పందెము జరుపువారికి గాదు. మా యెదురింటి యిల్లాలికి. ఆమెకు నలువది యేండ్లు. బస్సు వెంట తప్ప మఱి దేనివెంటను పరుగెత్తి యెఱుగదు. "మీరు వచ్చినచో మావారు పంపెదమన్నారు, వదినగారూ," అని యామె చెప్పెను. ఆమె వచ్చినచో తామును వత్తుమని యా వీధివారే మఱి ముగ్గురనిరి. అనగా మా రెండు కాళ్లమీద నైదుగురి పరుగు నిలిచియుండెను.

మా యత్తగారికి ఎనుబది దాటినవి. ఆమె మమ్ము మారథానుకు పోవలదని యొక్కనాడును అనలేదు. ఈ చిన్న పందెమునకు మాత్ర మడ్డుపడెను. "అమ్మాయీ, హైదరాబాదులో నిన్నెఱిగినవారు లేరు. కుంటినను కూలబడినను పేరుపెట్టి యనువారు లేరు. ఇక్కడ నందఱును మనవారే. నీవు కాళ్లీడ్చుచు వెనుకబడితివా, ఆడవాళ్లు పరుగులెత్తిన నిట్లే యగునని ఊరంతయు ననును. నీ వెంట వచ్చిన నలుగురును మఱి గడప దాటరు," అనెను. ఇది మూఢమైన మాట యని త్రోసివేయుటకు వీలులేదు. లోకమెఱిగిన మాట. చరిత్రలో నదియే జరిగినది.

1928లో ఆంస్టర్‌డాము ఒలింపిక్కు క్రీడలలో స్త్రీలకు మొదటిసారి 800 మీటర్ల పరుగు పెట్టిరి. జర్మనీదేశస్థురాలగు లీనా రాడ్కె ప్రపంచములో నంతవఱకు లేని వేగముతో గెలిచెను. పత్రికలవారు కొందఱు గెలుపును విడిచి, పరుగు ముగిసిన పిదప స్త్రీలు బడలి నేలబడిరని యున్నదానికి లేనిదానిని చేర్చి వ్రాసిరి. ఫలితమేమనగా ఆ పరుగును తీసివేసి, 1960లో రోము క్రీడలవఱకు స్త్రీలకు 200 మీటర్లను మించిన పరుగు లేకుండ చేసిరి. 1967లో కాత్రిన్ స్విట్జరను విద్యార్థిని బోస్టను మారథానులో సంఖ్య ధరించి పరుగెత్తుచుండగా పందెపు టధికారి యొకడు త్రోవలోనే యామెను పట్టి లాగబోయెను. ఆమె యాగక పరుగు ముగించెను. ఒలింపిక్కులలో స్త్రీలకు మారథాను 1984లోగాని రాలేదు.

ఇక పురుషుల సంగతి చూడుడు. చెకొస్లొవేకియా వాడగు ఎమిల్ జాటోపెక్ 1952లో హెల్సింకిలో 10,000 మీటర్లు, 5,000 మీటర్లు గెలిచి, ఆ బడలిక తీఱక మునుపే తానెన్నడును పరుగెత్తియుండని మారథానునకు దిగి యదియు గెలిచెను. పరుగెత్తునపుడతని మొగము బాధతో వంకరలు పోవుచుండెడిది. తల యొకవైపునకు వ్రాలెడిది. ఆ మొగమును జూచి పురుషులకు దూరపుపరుగు తగదని యెవ్వడైన ననెనా? ఆ బాధయే యతని కీర్తిలో భాగమైనది. పురుషుని బడలిక పౌరుషమునకు సాక్ష్యమైనది; స్త్రీ బడలిక యామె యనర్హతకు సాక్ష్యమైనది. సాక్ష్యమొక్కటియే, తీర్పులు రెండు.

కావున మా యత్తగారి మాటను విని మేమాలోచించితిమి. బడలిక తీఱినదనుక పోకుండుట యొక మార్గము. పోయి, బడలిక కనబడనీయక నటించుట మఱియొకటి. ఈ రెండును ఆ పాత తీర్పునకు తల యొగ్గుటయే యని తోచినది. వెలుపలి యూర నెవ్వరు నెఱుగని చోట సాహసము చేయుట సులభము. ఈ యూరిలోనే 1881 డిసెంబరు 11వ తేదీన వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించిరి. తమ్ము నిత్యము చూచువారి నడుమ, తమ యూర, చేసిరి గనుకనే యది లోకమునకు దారి యైనది. మాది యంతటి కార్యమని కాదు. చూచువారు పొరుగువారైనపుడు చిన్నపనికిని గుండె కావలెనని మాత్రమే.

కాళ్లను పరీక్షించుకొంటిమి. నొప్పి రెండు తొడలందును సమముగా, మొద్దుగా నున్నది. ఒకచోట పొడిచినట్లు లేదు, నడకలో కుంటు లేదు, జ్వరము లేదు. ఇట్టి దానిని బడలిక యందురు. ఒక కాలినే పట్టి బాధించునది, నడకను మార్చునది గాయము. బడలికతో మెల్లగా పరుగెత్తవచ్చును. గాయముతో పరుగెత్తుట ధైర్యము గాదు, తెలివితక్కువ. మేము మెల్లగా పోవలెనని నిశ్చయించుకొని బయలుదేఱితిమి.

ఆనాడు గోదావరి యెఱ్ఱనీటితో నిండుగా పాఱుచుండెను. నిమజ్జనమునకు తెచ్చిన వినాయకుల పూలదండలు రేవు మెట్లకు తగులుకొనియుండెను. రెండువందలమంది వచ్చిరి. అందు బడిపిల్లలు కొందఱు, పోలీసు కొలువునకై దేహపరీక్ష కభ్యాసము చేయు యువకులు కొందఱు, మేమైదుగురము. మొదటి కిలోమీటరు బాగుగనే జరిగినది. ఊపిరి యాడుచున్నది, మనస్సు సిద్ధముగా నున్నది. రెండవ దానిలో కాళ్లు మాట వినుట మానినవి. పొట్టిపరుగులో కాళ్లు చుఱుకుగా లేవవలెను. మారథాను కాళ్లకు నేలనంటియుండుటయే తెలియును. పండ్రెండేండ్ల బాలికలు మమ్ము దాటిపోయిరి. మా యెదురింటి యామె మాత్రము పెద్దవారిని దాటుట మర్యాద గాదని మా వెనుకనే యీదులాడుచుండెను. "మర్యాద యింటికడ చూపుడు, ఇచ్చట ముందుకు పొండు," అని పంపితిమి. ఆమె వెనుదిరిగి యొక్కసారి చూచి, కొంగు బిగించి పోయెను.

తిరుగుదారిలో టీబండికడ నున్న యువకుడొకడు, "మారథాను మామ్మగారూ, ఆటో పిలువమందురా?" అనెను. బండిచుట్టునున్నవారు నవ్విరి. "డబ్బులు తేలేదు నాయనా, పరుగే చవుక," అంటిమి. అప్పుడును నవ్విరి గాని, ఈ నవ్వు మా వైపునకు వచ్చినది. మామూలుగా 33 నిమిషములలో ముగించు దూరమునకు 43 నిమిషములు పట్టినవి. మా యైదుగురిలో మేమే కడపటివారము.

రేవు మెట్లమీద కాళ్లు చాచి, వగర్చుచు, అందఱును చూచుచుండగనే కూర్చుంటిమి. ఎదురింటాయన మజ్జిగ తెచ్చి యిచ్చి, "తమరు వెనుకబడితిరేమండి? మారథానుకు మూడువారములైనది గదా," అని నిజముగా తెలిసికొనగోరి యడిగెను. కండలోని పోగుల సంగతి చెప్పితిమి. "మూడువారములు చాలవా?" అనెను. "పరుగొక్కదానికి చాలుననుకొందుము. పరుగునకును చవితి పిండివంటలకును కలిపి చాలలేదు," అంటిమి. ఆయన యొకింతసేపూరకుండి తన భార్యవైపు చూచెను. అటుపిమ్మటి యాదివారము నలుగురును మరల గట్టుమీదికి వచ్చిరి. ఆ యింట పాలు పొంగి పొయ్యిమీద పోయినవని విన్నాము. పొంగించినవారెవరో వేఱుగ వ్రాయనక్కఱలేదు. మా యత్తగారు మాత్రము తన యభిప్రాయమును మార్చుకొనలేదు. కోడలిచేత నువ్వులనూనె వేడిచేయించి మాకు పంపెను.

చదువరులారా! పతకము తెచ్చిన స్త్రీని సన్మానించుట యిప్పుడు మన యూళ్లలో నలవాటైనది, సంతోషమే. అంతకంటె నవసరమైనది పతకము లేని స్త్రీ బడలి, వెనుకబడి, చెమటతో నింటికి వచ్చినపుడు, ఏల వెళ్లితివని యడుగకుండుట. దూరపు పరుగు పరుగెత్తుటకు దేహము చాలును. మఱునాటినుండి కోలుకొనుటకు ఇల్లు కావలెను. నెలదినములు మెట్లమీది బట్టల మూట మఱియొకరు మోయవలెను, బియ్యపు డబ్బా మఱియొకరు దింపవలెను, అడుగకమునుపే యొకరు పొయ్యి వెలిగింపవలెను. మీ యింట నాడుది పరుగెత్తకపోవచ్చును. ప్రసవించి లేచినదై యుండవచ్చును, రోగికి రాత్రులు మేలుకొన్నదై యుండవచ్చును, పండుగ నీడ్చినదై యుండవచ్చును. ఆమె బడలికకును ఇదే లెక్క. దానికిని దినములు కట్టి యియ్యుడు. ఆమె "ఏమియు లేదులెండి" యని లేవబోయినచో కూర్చుండబెట్టుడు.